బ్యాటు వెనుక కవచము

మానవశరీరములో మోకాలి చిప్పకు దిగువనుండి చీలమండవరకు దిగు జంఘాస్థికి వెనుకవైపున పిక్కకండ దట్టముగా నున్నను, ముందువైపున చర్మము తప్ప వేరొక ఆచ్ఛాదనము లేదు. చీకటిలో మంచపుకోడు తగిలినంతమాత్రముననే కన్నుల నీరు తెప్పించు ఆ తావునకు, కార్కుగుండుపై దారము బిగించి చుట్టి దానిపై గట్టి తోలు కుట్టిన 156 మొదలు 163 గ్రాముల బరువు గల క్రికెట్టు బంతి, గంటకు 140 కిలోమీటర్ల వేగముతో బౌలరు చేతినుండి వెడలి వచ్చి తగిలినచో ఏమగునో ఊహించుట కష్టము కాదు.

అయినను ఆ ఎముకనే బంతి దారిలోనికి చాచి ఆడుమని ఈ క్రీడ శాసించుచున్నది. కుడిచేతి వాటము గల బ్యాట్స్‌మన్ ఎడమకాలిని, ఎడమచేతి వాటమువాడు కుడికాలిని బంతి నేలను తాకు చోటికి సాధ్యమైనంత చేరువకు సాచి, ఆ కాలి ప్రక్కనే బ్యాటును నిలువుగా దింపి, రెంటికిని నడుమ బంతి దూరు సందు లేకుండ ఆడవలెనని శిక్షకులు బాలురకు తొలినాటినుండియు బోధింతురు. భయము కలిగిన కాలు ముందునకు రాదు. కాలు రానిచో బ్యాటు బంతిని చేరదు. కావున ప్యాడ్లనబడు ఈ కాలికవచములు దెబ్బను ఆపుటకు మాత్రమే ఏర్పడినవని తలంచుట అసంపూర్ణమగును. ఇప్పుడు మనము చూచుచున్న బ్యాటింగు కళ యావత్తును వీని అండను పెరిగినదే. ఆ అండ ఎంతవరకు న్యాయము, ఎచ్చట హద్దు మీరినది అను ప్రశ్న నూరేండ్లకు పైగా ఈ క్రీడాశాస్త్రకర్తలను వేధించినది.

ఇంగ్లండులో క్రికెట్టు వ్యవస్థితరూపము దాల్చిన పదునెనిమిదవ శతాబ్దమున ప్యాడ్లు లేవు. బంతిని చేయి భుజముపైకెత్తక, క్రిందినుండియే విసరుచుండిరి గనుక, మేజోళ్ళతోను మోకాళ్ళవరకు దిగు లాగులతోను ఆడుట ఆనాటివారికి సాహసముగా తోచలేదు. ఆ శతాబ్దాంతమున సర్రే సీమకు చెందిన రాబర్ట్ రాబిన్సన్ అను ఆటగాడు రెండు పలుచని చెక్కపలకలను కోణముగా జతపరచి కాలికి కట్టుకొని వచ్చెననియు, బంతి తగిలినపుడెల్ల ఆ పలకలు పెద్ద చప్పుడు చేయగా జనులు విరగబడి నవ్విరనియు, ఆయన సిగ్గుపడి వానిని విడిచిపెట్టెననియు పూర్వపు క్రికెట్టు గ్రంథములు చెప్పుచున్నవి. నవ్వినవారి కాళ్ళకు అప్పటికింకను నిజమైన పరీక్ష ఎదురుకాలేదు.

ఆ పరీక్షను తెచ్చినది బౌలరు చేతియెత్తు. 1822లో జాన్ విల్స్ అను కెంట్ ఆటగాడు లార్డ్స్ మైదానమున చేతిని ప్రక్కకు చాచి పైకెత్తి బంతి వేయగా అంపైరు నోబాలని ప్రకటించుటయు, ఆయన కోపించి గుఱ్ఱమెక్కి వెడలిపోవుటయు ప్రసిద్ధగాథ. కాని కాలము విల్స్ పక్షముననే నిలిచినది. 1835లో భుజమెత్తువరకు చేతిని లేపుటకు అనుమతి లభించినది. 1864లో తలపైనుండి వేయుటయు ధర్మబద్ధమైనది. చేయి లేచినకొలది వేగము హెచ్చినది, బంతి నేలనుండి ఎగయుటయు హెచ్చినది. నునుపులేని ఆనాటి పిచ్‌లపై అది ఏ క్షణమున ఎటు తిరుగునో ఎవ్వరికిని తెలియదు.

ఆ కాలపు మూల్యమును తన కాలితో చెల్లించినవాడు ఆల్ఫ్రెడ్ మిన్. ఆరడుగులకు మించిన పొడవు, దానికి దీటైన స్థూలకాయము గల ఈ కెంట్ వీరుడు 1836 ఆగస్టులో లెస్టరు నగరమున ఉత్తర దక్షిణ జట్ల నడుమ జరిగిన పోటీలో, అప్పటికే చీలమండ గాయపడియున్నను, ప్యాడ్లు లేకయే నిలిచి, ఉత్తరపక్షపు వేగవంతమైన బౌలింగును ఎదుర్కొని, రెండవ ఇన్నింగ్సులో 125 పరుగులు చేసి అజేయుడుగా వచ్చెను. వచ్చినపిదప కాలు చూచినవారు నిశ్చేష్టులైరి. లోపల కూర్చుండుటకు వీలుపడనంతగా కాలు వాచియుండుటచేత ఆయనను గుఱ్ఱపుబండి కప్పుపై పరుండబెట్టి, గతుకుల బాటపై సుమారు నూరు మైళ్ళ దూరము లండనుకు తీసికొనిపోయిరి. కాలు తుంటివరకు తీసివేయవలసివచ్చునేమో యని అచ్చటి వైద్యులు ఆలోచించిరి. అదృష్టవశమున కాలు నిలిచినది. మిన్ మరల చాల సంవత్సరములు ఆడెను. ఆ శతాబ్దపు నడిమిభాగమునకు ప్యాడ్లు కట్టుకొనుట సర్వసాధారణమైనది; నవ్వుటకు మైదానమున ఎవ్వరును మిగులలేదు.

ఇక కవచముయొక్క నిర్మాణము చూతము. పాతకాలపు ప్యాడును విప్పిచూచినచో దానిలో కనబడు నేర్పు నాకెల్లప్పుడును ఆశ్చర్యము గొల్పును. ముందువైపున నిలువుగా పేముకడ్డీలు, ఒక్కొక్కటి గుడ్డతో కుట్టిన సన్నని గొట్టములో ఇమిడి, ప్రక్కప్రక్కనే వరుసగా నిలిచియుండును. వాని వెనుక దూదియో బూరుగుదూదియో కూరిన మెత్త; మోకాలికి ఎదురుగా అడ్డముగా మూడు దిండ్లు, మోకాలు వంగినపుడు అవియు వంగునట్లు వేరువేరుగా కుట్టబడియుండును. దానిపైన తొడ అడుగుభాగమును కప్పు రెక్క. పిక్కను చుట్టివచ్చు ప్రక్కరెక్కలు. పాదముపైకి దిగు చిన్న నాలుక. వెనుక బిగించుటకు మూడు తోలుపట్టీలు, బకిల్సు. బకిల్సు కాలికి వెలుపలివైపునకే రావలెను. లోపలివైపున నున్నచో పరుగెత్తునపుడు ఒకదానికొకటి చిక్కుకొనును. అందుచేతనే కుడిప్యాడు ఎడమకాలికి సరిపడదు. పైకప్పు గట్టి కాన్వాసు లేక తోలు. పోటీకి ముందునాటి సాయంకాలము దానికి తెల్లరంగు పూసి ఆరబెట్టుట ఒకప్పుడు జట్టులోని చిన్నవారి విధి.

ఈ అమరికలో వ్యర్థమైనదేదియు లేదు. బంతి ఒక్క చోట, రూపాయి బిళ్ళంత మేర తగులును. పేముకడ్డీ ఆ దెబ్బను తన నిలువుపొడవునకును, ప్రక్కకడ్డీలకును పంచియిచ్చును. పిదప వెనుకనున్న దూది అణగుచు బంతి ఆగుటకు పట్టు కాలమును సాగదీయును. క్యాచ్ పట్టువాడు బంతితోపాటు చేతులను వెనుకకు లాగుకొన్నపుడు అరచేతికి నొప్పి తగ్గుట కూడ ఈ సూత్రము ననుసరించియే. శక్తి అంతయును అదియే. అది చేరు విస్తీర్ణము పెరిగినది, చేరుటకు పట్టు కాలము పెరిగినది. ఎముకకు మిగిలినది సహింపదగిన తోపు మాత్రమే. ఇప్పుడు పేముకు బదులు దట్టమైన ఫోము, దూదికి బదులు మెత్తని ఫోము, కాన్వాసుకు బదులు కృత్రిమపు తోలు, బకిల్సుకు బదులు వెల్క్రో పట్టీలు వచ్చినవి. బరువు బాగుగ తగ్గినది. వర్షమునకు నీరు పీల్చి బరువెక్కు బాధయు తప్పినది. సూత్రము మాత్రము మారలేదు.

మనదేశమున ఈ వస్తువుల తయారీకి మీరటు, జలంధరు నగరములు ప్రసిద్ధములు. దేశవిభజనకు పూర్వము క్రీడాసామగ్రికి పుట్టినిల్లు సియాల్కోటు. 1947లో ఇల్లూ వాకిలీ వదలి ఇటు వచ్చిన పనివారును వర్తకులును తమతో తెచ్చుకొన్న ఆస్తి చేతిపని యొక్కటే. ఆ చేతిపనియే ఈ రెండు పట్టణముల వాడలలో వేళ్ళూని, నేడు లోకమందలి పెక్కు జట్ల కాళ్ళను కాపాడుచున్నది.

కాలు భద్రమైన పిదప మానవస్వభావము మేల్కొన్నది. తగిలినను నొప్పి లేదని తెలిసినవాడు బంతికి కాలు అడ్డుపెట్టుటకు ఏల వెనుదీయును? స్టంపులకు ముందు బ్యాటు ఒక్కటే కావలియుండవలసిన చోట ఇరువురు క్రొత్త కావలివారు చేరిరి. వెడల్పున ప్యాడు బ్యాటుకన్న హెచ్చు. ప్యాడుకు తగిలి నేలపడక గాలిలో లేచిన బంతిని పట్టినను అవుటు లేదు. ఆడినవానికి ఏ ప్రమాదమును లేదు. కాలితో బంతి నాపు మోసమును నిషేధించు ఎల్బీడబ్ల్యూ నియమము 1774 నాటి నియమావళిలోనే కలదు. ప్యాడ్లు పుట్టక మునుపే కాలి పన్నాగము పుట్టినదన్నమాట. అందు బుద్ధిపూర్వకముగా కాలు అడ్డుపెట్టుటను గూర్చిన మాట యుండెను. తరువాతి కాలమున ఉద్దేశ్యవిచారణ తొలగి, బంతి రెండు వికెట్ల నడిమి సరళమార్గమున నేలను తాకినపుడే అవుటు అను నిర్ణయము స్థిరపడినది. ఆఫ్ స్టంపుకు వెలుపల పడి లోనికి తిరుగు బంతిని కాలితో తోసివేయుటకు ఈ నిర్ణయమే బాహాటముగా దారి విడిచినది.

ఆ దారిని శాస్త్రముగా తీర్చిదిద్దినవారిలో అగ్రగణ్యుడు నాటింగ్‌హమ్ వాసి ఆర్థర్ ష్రూస్‌బరీ. పాడుపడిన పిచ్‌పై ఆయనను మించినవాడు ఆ కాలమున లేడు. తనకు జోడుగా ఎవరు కావలయునని అడిగినపుడు ఆనాటి మేటి ఆటగాడు డబ్ల్యు. జి. గ్రేసు ఈయన పేరే చెప్పెనని లోకప్రసిద్ధి. బ్యాటుతో అంతటి నేర్పరియైనవాడు ప్యాడును రెండవ ఆయుధముగా వాడగా ఇతరులు అనుసరింపకుందురా? 1888లో, క్రికెట్టు నియమములను నిర్ణయించు ఎం.సి.సి. ఈ పద్ధతి క్రీడాధర్మమునకు విరుద్ధమని ప్రకటింపవలసివచ్చినది. ప్రకటన ప్రకటనగనే నిలిచినది. 1901లో నియమమును మార్చుటకు ప్రయత్నము జరిగినను మూడింట రెండువంతుల ఆధిక్యము లభింపలేదు. తుదకు 1935లో ప్రయోగముగా మొదలై 1937లో శాసనమైన మార్పు, ఆఫ్ స్టంపుకు వెలుపల పడిన బంతియు, కాలికి తగులు క్షణమున స్టంపులకు ఎదురుగా నున్నచో, అవుటు కాదగునని నిర్ణయించినది. లెగ్ స్టంపుకు వెలుపల పడిన బంతికి మాత్రము నాడును నేడును ఎల్బీడబ్ల్యూ లేదు.

ఈ మార్పుతో వివాదము సమసియుండునని తలచినవారికి 1957లో ఎడ్జ్‌బాస్టన్ మైదానము సమాధానము చెప్పినది. వెస్టిండీసు స్పిన్నరు సోనీ రామదీన్, ట్రినిడాడులో భారతసంతతి కుటుంబమున పుట్టినవాడు; చేతివ్రేళ్ళ కదలిక చూచి బంతి ఎటు తిరుగునో చెప్పగలవాడు ఇంగ్లండులో లేడు. తొలి ఇన్నింగ్సులో 49 పరుగులిచ్చి ఆయన ఏడు వికెట్లు కూల్చెను. రెండవ ఇన్నింగ్సులో ఇంగ్లండు బ్యాట్స్‌మన్లు పీటర్ మే, కోలిన్ కౌడ్రీ కలిసి వేరొక ఉపాయము పన్నిరి: బంతి ఎటు తిరుగునో తెలియనపుడు ముందుకాలిని బాగుగ చాచి, ప్యాడును ఆఫ్ స్టంపుకు వెలుపల నిలిపి, బ్యాటును ఆ ప్యాడు వెనుక దాచి, బంతిని దానికే తగులనిచ్చుట. కాలు అంత ముందునకు వచ్చినపుడు బంతి స్టంపులను తప్పక తాకునని ఏ అంపైరును నిశ్చయింపజాలడు. ఆఫ్ వెలుపల తగిలినచో నియమమే అడ్డు. రామదీన్ అప్పీలు వెంట అప్పీలు చేసెను; అన్నియు వ్యర్థములైనవి. ఇరువురును నాలుగవ వికెట్టుకు 411 పరుగులు చేర్చిరి. మే 285తో అజేయుడు, కౌడ్రీ 154. రామదీన్ ఆ ఇన్నింగ్సులో 98 ఓవర్లు వేసెను. ఆరు బంతుల ఓవరు లెక్కన 588 బంతులు. ఒక్క మనుష్యుని భుజము ఒక్క ఇన్నింగ్సులో అన్ని బంతులు వేయుట టెస్టు చరిత్రలో మరల జరుగలేదు.

మే, కౌడ్రీలు గొప్ప బ్యాట్స్‌మన్లే. ఆనాటి నియమమును అతిక్రమింపలేదు. అయినను ఆ భాగస్వామ్యమును గూర్చి చదివినపుడెల్ల నా మనస్సు రామదీన్ పక్షమునకే మొగ్గును. తన విద్యకు బ్యాటుతో జవాబు చెప్పలేనివారు గుడ్డదిండును ఎదురొడ్డి గెలిచినపుడు, ఓడినది బౌలరు నేర్పు కాదు, నియమముయొక్క దూరదృష్టి. ఆ యన్యాయమును శాసనకర్తలును గుర్తించిరి. 1970 తరువాత జరిగిన ప్రయోగముల ఫలితముగ, బంతిని ఆడు ప్రయత్నమే చేయక కాలు అడ్డుపెట్టినవాడు, బంతి ఆఫ్ స్టంపుకు వెలుపల తగిలినను, అది స్టంపులను తాకునట్లున్నచో అవుటగునని 1980 నియమావళిలో స్థిరపడినది. బ్యాటును ప్యాడు ప్రక్కన చూపి ఆడినట్లు నటించువారు ఆ తరువాతను మిగిలిరి. వారి పని పట్టినది కంప్యూటరు. అంపైరు తీర్పును పునఃపరిశీలించుటకు 2009లో టెస్టులలో ప్రవేశించిన డీఆర్ఎస్ పద్ధతి, బంతి మార్గమును తెరపై గీసి చూపుటతో, చాచిన కాలికి తగిలిన బంతులలో ఎన్నియో స్టంపులను తాకునవేయని తేలినది. సందేహలాభము బ్యాట్స్‌మన్‌కే యను చిరకాలపు అలవాటు సడలినది. స్పిన్నర్లకు ఎల్బీడబ్ల్యూలు హెచ్చినవి. ఇప్పటి బ్యాట్స్‌మన్లు బ్యాటును ప్యాడుకు ముందుగా తెచ్చి ఆడుట మరల నేర్చుకొనుచున్నారు.

పరుగుల విషయమునను ఇదే న్యాయము. ప్యాడుకు తగిలి దూరముపోయిన బంతికి లెగ్‌బై పరుగులు రావలెనన్నచో బ్యాట్స్‌మన్ దానిని ఆడుటకో తప్పించుకొనుటకో యత్నించియుండవలెను. ఊరక కాలు చూపినవానికి పరుగు లేదు. ఫీల్డర్లలో వికెట్ కీపరు తప్ప మరెవ్వరును బయటికి కనబడునట్లు ప్యాడ్లు ధరింపరాదు. బ్యాట్స్‌మన్‌కు కొలది గజముల దూరమున షార్ట్ లెగ్‌లో కూర్చుండువాడు పంట్లాము లోపల చిన్న కవచము తొడుగుకొనుట అందుచేతనే.

ప్యాడ్లు కట్టుకొనుట ఒక ఎత్తు. కట్టుకొని కాచుకొనుట వేరొక ఎత్తు. తరువాతి బ్యాట్స్‌మన్ ఎల్లప్పుడును సిద్ధముగ నుండవలెను. వికెట్టు పడిన మూడు నిమిషములలో ఆటకు సిద్ధము కానిచో ఎదుటి జట్టు అప్పీలుపై అవుటు. 2007 జనవరిలో కేప్‌టౌనులో భారతజట్టు తొలి వికెట్లు త్వరత్వరగా పడగా, అంతకుముందు మైదానము విడిచి కొంతసేపు వెలుపల నుండుటచేత టెండూల్కరు వెంటనే దిగుటకు నియమము ఒప్పలేదు. లక్ష్మణ్ స్నానము చేయుచుండెను. గంగూలీ హడావుడిగ ప్యాడ్లు బిగించుకొని క్రీజు చేరునప్పటికి ఆరు నిమిషములు గడచినవి. దక్షిణాఫ్రికా నాయకుడు గ్రేమ్ స్మిత్ అప్పీలు చేయక విడిచిపెట్టుట పెద్దమనుష్యుల మర్యాద. మరియొకచోట, 2017 మహిళల ప్రపంచకప్పులో డెర్బీ మైదానమున, సికింద్రాబాదులో పెరిగిన మిథాలీరాజ్ తనవంతు వచ్చువరకు ప్యాడ్లు కట్టుకొనియే రూమీ కవితలు చదువుకొనుచు కూర్చున్న చిత్రము దేశమంతయు చూచినది; పిదప దిగి 71 పరుగులు చేసినది.

తెలుగువారికి ప్యాడ్లతో ముడివడిన మరపురాని ఘట్టము మాత్రము 2001 మార్చినాటి ఈడెన్ గార్డెన్సుది. ఆస్ట్రేలియా చేసిన 445కు బదులు భారతము 171కే కుప్పకూలినది. ఆరవస్థానమున దిగి 59 పరుగులు చేసిన హైదరాబాదు బిడ్డ వి.వి.యస్. లక్ష్మణ్ చివరివాడుగ అవుటై వచ్చుసరికి ఫాలో ఆన్ తప్పలేదు. 274 పరుగుల వెనుకబాటు. డ్రెస్సింగు గదికి చేరి పట్టీలు విప్పబోవు లక్ష్మణ్‌తో శిక్షకుడు జాన్ రైట్, ప్యాడ్లు విప్పవలదనియు, ఈసారి మూడవస్థానమున వెళ్ళవలెననియు చెప్పెను. చెమట ఆరని ప్యాడ్లతోనే మరల కాచుకొని, తొలి వికెట్టు పడగనే వెళ్ళిన లక్ష్మణ్ 281 పరుగులు చేసి వచ్చెను. ద్రావిడ్ 180; ఇరువురికిని నడుమ 376; నాలుగవనాడు ఉదయమునుండి సాయంకాలమువరకు ఒక్క వికెట్టు పడలేదు. భారతము 171 పరుగుల ఆధిక్యముతో నెగ్గినది. మరియొక విశేషము గమనింపదగినది. ఆస్ట్రేలియా స్పిన్నరు షేన్ వార్న్ లెగ్ స్టంపు వెలుపలి గరుకునేలపై బంతిని పడవేసినపుడు ఎల్బీడబ్ల్యూ భయమే లేదు. ప్యాడు చూపి నిలిచినచో తప్పుపట్టువారును లేరు. లక్ష్మణ్ ఆ సులభమార్గము వదలి, అడుగు ముందుకు వేసి, కవర్ల మీదుగ డ్రైవు చేసెను. కాలికి కవచమున్న ధైర్యముతో కాలిని ముందుకు వేసి, పనిని మాత్రము బ్యాటుకే అప్పగించిన బ్యాటింగు అది. ప్యాడ్లు ఎందులకు పుట్టినవో తెలియగోరువారు ఆ ఇన్నింగ్సును ఒకసారి చూడవలెను.

ఇక మన ఊళ్ళ మైదానముల మాట. టెన్నిసు బంతితో ఆడునంతకాలము పిల్లలకు ప్యాడ్ల అవసరము లేదు. తోలుబంతి చేతికి వచ్చిన దినమునుండి కథ మారును. జట్టునకంతకును ఒక్క జతయే యున్నచోట ఇరువురు బ్యాట్స్‌మన్లు దానిని చెరియొకటిగ పంచుకొని, ముందుకాలికి మాత్రము కట్టుకొని దిగుట నేటికిని చూచుచున్నాము. అవుటైనవాడు పెవిలియను చేరకముందే బౌండరీ గీతవద్ద వంగి పట్టీలు విప్పుచుండగా, వచ్చువాడు ఒంటికాలిపై నిలిచి వానిని అందుకొనుచుండును. జోడీలో ఇరువురును కుడిచేతి వాటమువారైనచో కుడిప్యాడు ఒకని ఎడమకాలికి తిరగబడి బకిల్సు లోపలికి వచ్చును. ఇది చూచి వారి పట్టుదలను మెచ్చుకొనుటతో తృప్తిపడరాదని నా గట్టి అభిప్రాయము. ఏ రక్షణయు లేని వెనుకకాలికి ఒక్కసారి గట్టి దెబ్బ తగిలిన పిల్లవాడు ఆపైన బంతి వచ్చునపుడు తెలియకయే లెగ్‌వైపునకు జరుగును. పదునొకండు పండ్రెండేండ్ల వయస్సున పట్టిన ఆ జరుగుబాటును పిదప ఏ శిక్షకుడును సులభముగ మాన్పలేడు. పాఠశాలలు బ్యాట్లకు వెచ్చించు ధనములో కొంత ప్యాడ్లకు కేటాయించినచో, పోవు ప్రతిభలో కొంతయైనను నిలుచును.

కొనునపుడు పెద్దవారి జతను పెరుగుచున్నాడు గదా యని పిల్లవానికి అంటగట్టరాదు. మోకాలు మూడు దిండ్లలో నడిమిదానికి సరిగా ఎదురురావలెను. ప్యాడు పొడవైనచో పైరెక్క తొడకు తగులుచు పరుగు సాగనీయదు, పొట్టిదైనచో చిప్ప వెలికివచ్చును. కట్టుకొని నాలుగడుగులు పరుగెత్తి, మోకాలు వంచి, ముందుకాలు చాచి చూచియే తీసికొనవలెను. పాదము వద్ద పట్టీని బిగువుగను, పిక్కవద్ద కొంచెము వదులుగను బిగించుట మేలు. పట్టీల కొసలు వ్రేలాడకుండ లోనికి దోపవలెను. బ్యాటు వానిని రాచుకొనిన చప్పుడును, బంతి బ్యాటు అంచును తాకిన చప్పుడును దూరమునుండి వినువారికి ఒక్క తీరుననే యుండుటచేత, వికెట్ కీపరు చేతిలో బంతి పడిన వేళ ఆ చిన్న కొసయే బ్యాట్స్‌మన్‌ను అంపైరు వ్రేలికి గురిచేయవచ్చును.